ఒక చక్రం నేల మీద, ఒక చక్రం గాలిలో

నౌపడా నుంచి గుణుపురం వచ్చే చిన్న రైలు గురించి, మన బడి పూర్వ విద్యార్థుల సమావేశానికి వేస్తున్న ఈ సంచికలో ఎవరో ఒకరు రాసే ఉంటారు. 1900లో పర్లాకిమిడి దాకా వచ్చి, 1931 నాటికి గుణుపురం చేరిన ఆ రెండున్నర అడుగుల లైనంటే మన తరానికి అంత ప్రేమ. నేను మాత్రం ఉన్నచోటి నుంచి అంగుళం కూడా కదలకుండా ఊరికి పనిచేసి పెట్టిన ఒక మోటారు బండి గురించి రాస్తాను. మన బడి నుంచి వంశధార వైపు వెళ్లే దారిలో రేకుల షెడ్డులో బియ్యం మర ఉండేది, గుర్తుందా? ఆ షెడ్డు వెనక గోడ పక్కన ఉండేదా బండి.

1970ల మొదట్లో నేను తొమ్మిదో తరగతి. నూర్పులు అయిపోయి ఊళ్లోకి ధాన్యం దిగుతున్న రోజుల్లో మరను నడిపే ఆయిలింజను క్రాంకు (పిస్టను కదలికను తిప్పుడుగా మార్చే ఇరుసు) విరిగింది. కొత్తది రావాలంటే ఎన్ని వారాలు పడుతుందో చెప్పేవాళ్లు లేరు. కరెంటు ఉంది గానీ దాన్ని నమ్ముకుని మోటారు కొనే ధైర్యం షావుకారికి లేదు. కొండల మీది నుంచి సవర రైతులు ధాన్యం మోసుకొచ్చి, మర ఆడకపోతే మళ్లీ మోసుకుపోలేక అరుగుల మీదే పడుకునేవారు. అప్పుడు మేస్త్రీ తాత (అందరూ ఆయన్ను అలాగే పిలిచేవారు) ఒక జమీందారీ బంధువుల పశువుల సాలలో ఏళ్ల తరబడి పడి ఉన్న ఫోర్డు కారును ఎడ్లతో లాగించి తెచ్చాడు.

అది ఫోర్డు మోడల్ టి. 1908 నుంచి 1927 దాకా ఈ కార్లు కోటిన్నరకు పైగా తయారయ్యాయి. నాలుగు సిలిండర్లు, 2.9 లీటర్ల ఇంజను, 20 హార్స్ పవర్. ఈ రోజు చిన్న స్కూటీకి ఉన్నంత హడావిడి కూడా దానికి ఉండదు, కానీ నెమ్మదిగా తిరుగుతూ బరువు లాగే గుణం ఉంది. అమెరికాలో రైతులు వెనక చక్రాన్ని పైకి లేపి, దానికి బెల్టు వేసి రంపాలు, నీటి పంపులు, మొక్కజొన్న ఒలిచే యంత్రాలు నడిపేవారు. అందుకు కావలసిన సామాను కిట్లుగా కూడా అమ్మేవారట. ఈ సంగతి నేను ఎంతో కాలం తర్వాత చదివాను. మేస్త్రీ తాత ఏ పుస్తకమూ చదవలేదు. యుద్ధం రోజుల్లో పెట్రోలుకు రేషన్ వచ్చినప్పుడు బొగ్గు గ్యాసుతో బస్సులు నడిపిన వర్కుషాపులో పని నేర్చుకున్న మనిషి ఆయన. ఇంజను అనేది ఏ బండిలో ఉన్నా ఇంజనే, దేనికి తగిలిస్తే దాన్ని తిప్పుతుందని ఆయన నమ్మకం.

ఆయన ఏం చేశాడో వివరంగా చెప్పాలి. ముందు కారును మర పుల్లీకి ఎదురుగా, బెల్టు సరిగ్గా వరసలో పడేలా నిలబెట్టాడు. ఎడమవైపు వెనక చక్రాన్ని జాకీతో లేపి ఇరుసు కింద దుంగలు పేర్చాడు. ఆ చక్రానికి టేకుతో చేయించిన డ్రమ్మును బోల్టులతో బిగించాడు. పుల్లీలాగే డ్రమ్మును కూడా మధ్యలో కాస్త ఉబ్బుగా చెక్కించాడు. బెల్టు ఎప్పుడూ ఎత్తుగా ఉన్నవైపే ఎక్కుతుంది కాబట్టి, మధ్యలో ఉబ్బు ఉంటే పక్కకు జారిపోదు. తోలు బెల్టుకు ఆముదం రాసి, మధ్యలో ఒక మెలిక వేసి తగిలించాడు. మెలిక వేస్తే బెల్టు పుల్లీని ఎక్కువ చుట్టుకుని గట్టిగా పట్టుకుంటుంది, తిరిగే దిశ కూడా మారుతుంది.

కారు నిలబడి ఉంటే రేడియేటరుకు ఎదురుగాలి ఉండదు. ఆ ఫోర్డుకు నీళ్ల పంపు కూడా లేదు. వేడి నీళ్లు పైకి, చల్లవి కిందికి వాటంతట అవే తిరగాలి. అందుకని పక్కన దిమ్మ కట్టి, నీళ్ల డ్రమ్ము ఎక్కించి, గొట్టాలతో ఇంజనుకు కలిపాడు. సాయంత్రానికి డ్రమ్ములో నీళ్లు వేడెక్కితే మర కూలీలు వాటితోనే స్నానం చేసేవారు. పెట్రోలు ఖరీదు కాబట్టి స్టార్టు చేయడానికి మాత్రమే పెట్రోలు, ఇంజను వేడెక్కాక కిరసనాయిలు. ఈ ఇంజనులో కంప్రెషన్ (సిలిండరులో గాలీ ఆయిలూ కలిసిన ఆవిరి నొక్కుకునే నిష్పత్తి) తక్కువ, దాదాపు నాలుగుకు ఒకటే కావడంతో ఆ పప్పులు ఉడికాయి. అయితే కిరసనాయిలు కొంత కిందికి దిగి ఇంజనాయిలును పలచన చేస్తుంది. అందుకే ఆయిలు మార్చే విషయంలో షావుకారు పిసినారితనం చేస్తే తాత ఊరుకునేవాడు కాదు.

హ్యాండిలు కొట్టడం మాత్రం ఆయన ఎవరికీ ఇచ్చేవాడు కాదు. స్టీరింగు కింద రెండు వైపులా రెండు చేతి లివర్లు ఉండేవి. ఒకటి నిప్పురవ్వ ఎప్పుడు పడాలో చెప్పేది, రెండోది వేగానికి. మొదటి లివరును పైకి నెట్టి నిప్పురవ్వను ఆలస్యం చేయకుండా హ్యాండిలు కొడితే ఇంజను ఎదురు తన్ని మణికట్టు విరుగుతుంది. "బాబూ, ముందు ఈ లివరు పైకి నెట్టు, తర్వాత హ్యాండిలు ముట్టు" అని మాకు చెప్పేటప్పుడు ఆయన గొంతులో నవ్వు ఉండేది కాదు. కాలితో తొక్కే యాక్సిలరేటరు లేకపోవడం కూడా ఇక్కడ మేలే అయింది. లివరు ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది. కానీ ఇంజనుకు గవర్నరు (వేగాన్ని దానంతట అదే అదుపులో ఉంచే పరికరం) లేదు. హాపరులో ధాన్యం అయిపోగానే బరువు తగ్గి ఇంజను ఒక్కసారిగా అరిచేది. అందుకని సీట్లో ఒక కుర్రాడు కూర్చుని, చెవి హల్లరు (ధాన్యం పొట్టు తీసే యంత్రం) మీద, చెయ్యి లివరు మీద ఉంచాలి.

మా సైన్సు మాస్టారు ఒక శనివారం క్లాసు మొత్తాన్ని అక్కడికి తీసుకెళ్లారు. "క్రౌన్ వీలుకు ఎన్ని పళ్లు తాతా?" అని అడిగారు. వెనక ఇరుసు దగ్గరి పెద్ద పళ్ల చక్రం అది, ఇంజను వైపు నుంచి దాన్ని తిప్పే చిన్నది పీనియను. "నలభై బాబూ. పీనియనుకు పదకొండు." మాస్టారు షెడ్డు తలుపు మీదే సుద్దతో లెక్క వేశారు. ఇంజను నిమిషానికి 1000 చుట్లు తిరిగితే, దాన్ని 11తో గుణించి 40తో భాగించి చూస్తే క్రౌను 275 తిరగాలి. సరే, చక్రం కూడా అంతే తిరగాలి కదా? చక్రానికి సుద్ద గుర్తు పెట్టి, ఇంజను నెమ్మదిగా తిప్పించి, క్రౌను ఒక చుట్టు తిరగాల్సిన సమయంలో చూస్తే చక్రం రెండు చుట్లు తిరిగింది!

అప్పుడు చెప్పారాయన డిఫరెన్షియల్ అంటే ఏమిటో. బండి మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం తక్కువ, బయటి చక్రం ఎక్కువ తిరగాలి. గానుగెద్దు కంటే గానుగ రోలు దగ్గరి కొస తక్కువ దూరం నడిచినట్టే. డిఫరెన్షియల్‌లో రెండు చక్రాల చుట్లు కలిపితే ఎప్పుడూ క్రౌను చుట్లకు రెట్టింపే. ఒక చక్రాన్ని నేల పట్టి ఆపేసింది కాబట్టి, దాని వాటా కూడా గాలిలో ఉన్న చక్రానికే వచ్చింది. 275 కాదు, 550. కానీ బలం మాత్రం రెండు వైపులకూ సమానంగానే పోతుంది. అంటే నేల మీద ఉన్న చక్రం కూడా కారును తోసేయాలని అదే పట్టుతో ప్రయత్నిస్తూ ఉంటుంది. మాస్టారు ఆ మాట అన్నాకే, తాత ఆ చక్రానికి అటూ ఇటూ బండరాళ్లు ఎందుకు అడ్డం పెట్టాడో, ముందు ఇరుసును మోకులతో రాటలకు ఎందుకు కట్టాడో మాకు అర్థమైంది. తాత ఏమీ మాట్లాడలేదు. మోకు ముడి ఒకసారి లాగి చూపించాడంతే.

నేను తర్వాత ఇంజనీరింగ్ చదివాను, మెషిన్ షాపుల్లో పనిచేశాను. ఆ తలుపు మీది లెక్క నాకు వచ్చినంత బాగా ఇంకే లెక్కా రాలేదు. మన బడి ల్యాబులో అప్పుడు ఉన్నవి కొన్ని బీకర్లు, ఒక తక్కెడ. మన అసలు ల్యాబు ఆ షెడ్డే. మేస్త్రీ తాత మన మాస్టార్లలో ఒకరు. గౌరవ ఉపాధ్యాయుల ఫొటోల వరసలో ఆయన లేకపోవడం నాకు బాధగానే ఉంది.

హల్లరు సంగతి కూడా చెప్పాలి. అది బ్రెజిల్‌లో 19వ శతాబ్దం చివర్లో పుట్టిన ఎంగెల్‌బర్గ్ రకం. చిల్లుల జల్లెడలో గాడులు పడిన ఇనుప రోలరు తిరుగుతూ, ధాన్యాన్ని ఒక ఇనుప బద్దకు ఒరిపిస్తుంది. పచ్చి బియ్యం నూకలయ్యేది ఎక్కువ, ఉప్పుడు బియ్యం తక్కువ. అందుకే ఒడియా ఇళ్ల ఉసునా బియ్యం ఒక పూట, మన ఇళ్ల పచ్చి బియ్యం ఒక పూట అని షావుకారు వేళలు పెట్టాడు. పచ్చి బియ్యం పూట వేగం ఇంకాస్త తగ్గించమని తాత చెప్పేవాడు. మూడు భాషల్లో బేరాలు, ఊక దుమ్ము, కిరసనాయిలు పొగ, వీటన్నిటి మధ్య ఆ కారు ఆ ఒక్క సీజను కాదు, కొన్నేళ్లపాటు ఊరికి బియ్యం ఆడించింది.

మలుపుల్లో మాత్రమే తిరగాల్సిన డిఫరెన్షియల్ చిన్న పళ్లు పొద్దస్తమానం తిరిగి చివరికి అరిగిపోయాయి. తాత వాటిని వెల్డింగుతో బిగించేసి, రెండు వెనక చక్రాలనూ లేపి మళ్లీ నడిపించాడు. ఆ మీద కరెంటు మోటారు వచ్చింది. కారు పార్వతీపురం పాత ఇనుము లారీ ఎక్కింది.

మన దేశంలో 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండికి వింటేజ్ హోదా, నంబరులో 'విఎ' అక్షరాలు దక్కుతాయి. అలా కాపాడుకునేవాళ్లంటే నాకు గౌరవమే. అయితే టేకు డ్రమ్ము బిగించుకుని, పళ్లు వెల్డింగు చేయించుకుని పనిచేసిన బండి కథ కూడా అంతే జాగ్రత్తగా దాచాల్సింది. దానికి నంబరు ప్లేటు ఎవరూ ఇవ్వరు, కాబట్టి మనమే రాసుకోవాలి.

ఆ హల్లరు ఇంకా షెడ్డులోనే ఉంది. షావుకారి మనవడితో మాట్లాడాను, బడికి ఇవ్వడానికి సంతోషంగా ఒప్పుకున్నాడు. తీసుకురావడానికి ఒక లారీ, నిలబెట్టడానికి సైన్సు గది పక్కన సిమెంటు దిమ్మ, దాని పక్కన మేస్త్రీ తాత పేరుతో చిన్న బోర్డు కావాలి. లారీ ఖర్చు నాది. దిమ్మ పని 1974 బ్యాచ్ వాళ్లు తీసుకుంటే బాగుంటుంది. కారు పక్కన దిగిన ఫొటో ఎవరి ఇంట్లో ఉన్నా సమావేశానికి తప్పకుండా తీసుకురండి, బోర్డు మీద వేయిద్దాం.