సారు దాటేసిన పుటలు

మధ్యాహ్నం అన్నాలు తిని వచ్చాక మొదటి పీరియడు తెలుగు. సగం క్లాసు తూగుతూ ఉండేది. ఆ తూగు వదిలించడానికే సారు, దండి రాసిన దశకుమార చరితం కథలోని దొంగ అపహారవర్మను క్లాసులోకి తీసుకొచ్చారు. 1983లో టెన్త్ రాసిన మా బ్యాచికి దొంగ అంటే ఇప్పటికీ వాడే. సిలబస్‌లో లేడు, వాడి మీద ఒక్క మార్కు ప్రశ్న కూడా రాదు. అయినా సంధులూ సమాసాలూ మరిచిపోయాం గానీ వాణ్ణి మరవలేదు.

"దండి కాంచీపురంలో ఉండి సంస్కృతంలో రాశాడు. కేతన దాన్ని తెలుగు చేసి ఎవరికి అంకితమిచ్చాడు? మన నెల్లూరు తిక్కనకి! అంత సోమయాజి మెచ్చిన కథరా ఇది, మీకు నిద్రొస్తోందా?" అనేవారు సారు. పదమూడో శతాబ్దంలో పెన్న ఒడ్డున జరిగిన సంగతిని నిన్న బస్టాండులో చూసొచ్చినట్టు చెప్పేవారు. దశకుమార చరిత్ర వల్లే కేతనకి అభినవ దండి అని పేరొచ్చిందని కూడా అప్పుడే విన్నాం.

కథ అంగదేశంలో, చంపానగరంలో. ఆ ఊరి నిండా పిసినారి షావుకార్లు. డబ్బు ఎవరి దగ్గరా శాశ్వతంగా ఉండదని వాళ్లకి తెలియజెప్పాలని మన రాజకుమారుడు కన్నాలు వెయ్యడం మొదలెడతాడు. దానికంటే ముందు జూదశాలకి పోయి పదహారు వేల దీనారాలు గెలిచి, సగం అక్కడే పంచిపెట్టేస్తాడు. కొన్నాళ్లకి చంపలో ఎంత చిత్రం జరిగిందంటే, నిన్నటి షావుకార్లు చిప్ప పట్టుకుని, నిన్నటి బిచ్చగాళ్ల గుమ్మాల ముందు నిలబడ్డారట. ఈ ముక్క దగ్గర మా వెనక బెంచీ చప్పట్లు కొట్టేది. ఊళ్లో వడ్డీలు తిప్పే ఆయన మనవడు కూడా మా క్లాసే. వాడు కూడా కొట్టేవాడు, పాపం.

అసలు మా ప్రాణమంతా దొంగ సంచి మీద. అందులో ఏమేం ఉన్నాయో దండి ఒక్క సమాసంలో గుదిగుచ్చాడు. సారు దాన్ని విప్పి బోర్డు మీద రాశారు: పాముపడగ లాంటి మొన ఉన్న గునపం, ఇంట్లోవాళ్లు నిద్రపోయారో లేదో తెలుసుకోవడానికి సన్నగా ఊదే కాకలి, పట్టకారు, మనిషి తలలాంటి బొమ్మ, మందుపొడి, మంత్రపు వత్తి, కొలతాడు, ఎండ్రకాయ లాంటి కొక్కెం, తాడు, దీపం పెట్టుకునే గిన్నె, చివర తుమ్మెదల డబ్బా. ఆ బొమ్మతల పేరు పురుషశీర్షకం. లోపల ఎవడైనా కర్ర పట్టుకుని కాచుకుని ఉంటే దెబ్బ దానికే తగలాలని, కన్నంలో ముందు దాన్ని దూరుస్తారు. మా క్లాసులో పెద్ద తలకాయ ఉన్నవాడికి అదే పేరు పెట్టాం. ఇవాళ్టికీ వాట్సాప్ గ్రూపులో వాణ్ణి అలాగే పిలుస్తాం, పలుకుతాడు కూడా.

పనిలో పనిగా మృచ్ఛకటికం నాటకంలోని దొంగ శర్విలకుణ్ణి కూడా పట్టుకొచ్చారు సారు. గోడకి కన్నం తామరపువ్వులాగా వెయ్యాలా, నెలవంకలాగా వెయ్యాలా, పూర్ణకుంభంలాగానా అని ఏడు రకాలు తలుచుకుంటాడు. తీరా చూస్తే కొలతాడు మరిచి వచ్చాడు! జంధ్యం తీసి దాంతో కొలుస్తాడు. అది చెప్పి సారు చొక్కాలో చెయ్యి పెట్టి తన జంధ్యం తడుముకుని, "నా దానికి ఇంత ఉపయోగం ఇంతవరకూ రాలేదురా" అన్నారు.

తుమ్మెదల డబ్బా ఎందుకంటే, మూత తీస్తే అవి ఎగిరి పోయి దీపం ఆర్పుతాయి. టెన్త్ వాళ్లకి రాత్రిపూట స్టడీ అవర్స్ ఉండేవి, కరెంటు పోవడం రోజూ ఉండేదే. కానుగ చెట్టు కింద పురుగుల్ని ఏరి అగ్గిపెట్టెలో పెట్టింది నేనే. ఇన్నాళ్లూ మగపిల్లల మీదికి పోయిన ఆ నేరం ఈ సంచికలో ఒప్పుకుంటున్నాను. లాంతరు వెలిగించగానే పెట్టె తెరిచాను. చంపానగరంలో దీపాలకి చిమ్నీ లేదన్న సంగతి నాకు తట్టలేదు. పురుగులు గాజుకి టకటకా కొట్టుకుని, ఒకటి లెక్కల సారు కాలర్లోకి దూరింది. దీపం మాత్రం నిక్షేపంగా వెలిగింది. ముగ్గురు మగపిల్లలు గోడకుర్చీ వేశారు.

సారు కథ చెబుతూ చెబుతూ కొన్నిచోట్ల ఆగి, కళ్లద్దాలు తుడుచుకుని, "ఇక్కడ కొంత ఉందిలే, పెద్దయ్యాక చదువుకుందురు గాని" అని దాటేసేవారు. ముందు బెంచీల్లో ఏడుగురం ఆడపిల్లలం ఉన్నాం కదా. పెద్దయ్యాక ఎవరు చదువుతారు? నాకు నలభై దాటాక, తిరుపతిలో ఒక లైబ్రరీలో దండి పుస్తకం తాత్పర్యంతో సహా దొరికింది.

సారు దాటేసిన మొదటి చోటు అంతఃపురం. దొరికిపోయి జైల్లో పడ్డాక, అక్కణ్ణుంచి తవ్విన సొరంగంలో పోయి మన దొంగ రాజకుమారి అంబాలిక గదిలో తేలతాడు. ఆ పిల్ల నిద్రపోతూ ఉంటుంది. లేపడు. పలక తీసుకుని, ఆమె ఎలా పడుకుందో అలాగే బొమ్మ గీసి, ఆమె పాదాల దగ్గర తను చేతులు జోడించి ఉన్నట్టు గీసి, పక్కన ఒక శ్లోకం రాస్తాడు. తాంబూలం నమిలి, ఆ ఎర్రటి రసంతో తెల్లటి సున్నపు గోడ మీద జక్కవ పిట్టల జంటని ఉమ్ముతాడు. ఆమె ఉంగరం తీసుకుని, తన ఉంగరం తొడిగి, వచ్చిన దారినే పోతాడు. ఊరినంతా దోచినవాడు ఇక్కడ మారుబేరం చేసిపోయాడు. శ్లోకం మాత్రం... సారు దాటెయ్యడం న్యాయమే.

రెండో చోటు నన్ను ఎక్కువ ఆపింది. అపహారవర్మ ఎలా దొరికిపోయాడని మేం అడిగితే, "గ్రహచారం బాగాలేక" అన్నారు సారు. పుస్తకంలో అలా లేదు. తన ప్రియురాలు రాగమంజరి ఇంట్లో తాగిన మైకంలో, ఒక్క రాత్రిలో ఈ ఊరి సొమ్మంతా తెచ్చి నీ ఇల్లు నింపుతానని బీరాలు పలికి, ఆ సంచీ గించీ ఏమీ లేకుండా కత్తి ఒకటి పట్టుకుని వీధిలోకి పరిగెత్తాడు. తలారులు పట్టుకున్నారు.

ఇందులో ఆడపిల్లల ముందు చెప్పకూడనిది ఏముందని చాలాసేపు ఆలోచించాను. అప్పుడు మా వాడ గుర్తొచ్చింది. బడి నుంచి ఇంటికి పోయే దారిలోనే సారాకొట్టు. మాలో సగం మంది నాన్నలు పొద్దుగూకే వేళకి అక్కడే. మా నాన్న కూడా. ఇంటికొచ్చి అమ్మ ముందు నిలబడి అచ్చంగా అలాంటి బీరాలే పలికేవాడు. మా జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారాకొట్టు మూయించింది 1992లో, మేం బడి వదిలిన తొమ్మిదేళ్లకి. సారు మనసులో ఏముందో నేనడగలేదు. మాకు దొరికిన ఒక్క వీరుణ్ణీ తూలుతూ వీధిలోకి పంపడం ఆయనకి ఇష్టం లేకపోయిందేమో అనుకుంటాను.

ఈసారి మా బ్యాచి కలిసినప్పుడు పుస్తకం తెస్తున్నాను. పురుషశీర్షకం గాడు అంతఃపురం ఘట్టం చదివి వినిపించమని ఇప్పట్నుంచే పోరుతున్నాడు. చదువుతాను. సారు గనక వచ్చి ముందు వరసలో కూర్చుంటే, ఆ శ్లోకం దగ్గర నేను కూడా కళ్లద్దాలు తుడుచుకోవాలి.