అమ్మమ్మ పాటల క్యాసెట్లు కంప్యూటర్లోకి ఎక్కించాను

కిందటి వేసవిలో అమలాపురం దగ్గర మా మామయ్య వాళ్ల పెంకుటిల్లు విప్పే ముందు అటక ఖాళీ చేస్తుంటే బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి దొరికింది. లోపల పద్దెనిమిది క్యాసెట్లు. చాలావరకు సినిమా పాటలే. ఆరింటి మీద మాత్రం నీలం ఇంకుతో మామయ్య చేతిరాత: "అమ్మ పాటలు, 1988". అమ్మమ్మ పోయి ఇరవై రెండేళ్లయింది. ఆవిడ ఫోటోలు ఇంటినిండా ఉన్నాయి. గొంతు మాత్రం ఎక్కడా మిగల్లేదనుకున్నాం.

"మీ పిన్ని పెళ్లప్పుడు కువైట్ నుంచి తెచ్చిన టేప్ రికార్డర్లో నేనే పట్టానే అమ్మాయ్. ఇప్పుడు మోగుతాయంటావా?" అన్నాడు మామయ్య. మోగించి తీరతానని హైదరాబాద్ పట్టుకొచ్చేశాను.

మొదట చేసిన మంచిపని ఒక్కటే. క్యాసెట్ పైఅంచున రెండు వైపులా చిన్న ప్లాస్టిక్ చెక్కులుంటాయి కదా, వాటిని స్క్రూడ్రైవర్‌తో విరిచేశాను. ఇక పొరపాటున రికార్డ్ మీట నొక్కినా పాత పాట చెరిగిపోదు. ఆ తర్వాతంతా తొందరే. ఆన్‌లైన్‌లో పన్నెండొందలు పెట్టి, కంప్యూటర్‌కి నేరుగా తగిలించే చిన్న ప్లేయర్ కొన్నాను. అమ్మమ్మ పాటల్ని పట్టుకెళ్లి దాంట్లో పెట్టడానికి భయమేసి ముందు ఒక సినిమా క్యాసెట్ వేశాను. ఫోన్లో ఐదు నిమిషాలుండే పాట దీంట్లో పది సెకన్ల ముందే అయిపోయింది! అంటే టేపు పరిగెడుతోంది. ఇందులో వింటే అరవయ్యేళ్ల అమ్మమ్మ గొంతు అసలు దానికన్నా సన్నగా వస్తుంది. ఆ పరీక్ష మీరూ తప్పకుండా చెయ్యండి, స్టాప్‌వాచ్ చాలు.

దాన్ని పక్కన పడేసి కోఠీ గుజరాతీ గల్లీ వైపు వెళ్లాను. అక్కడ వాకబు చేస్తే పాత టేపులు బాగుచేసే పెద్దాయన ఒకాయన దొరికాడు. మూడున్నర వేలకి ఒక పాత డెక్ (క్యాసెట్లు మోగించే పెద్ద ప్లేయర్) ఇచ్చాడు, బెల్టులు కొత్తవి వేసి. మోటారు వెనక చిన్న రంధ్రంలో స్క్రూ తిప్పి స్పీడు సరిచేసి చూపించాడు. "కంప్యూటర్ సంగతి తర్వాత చూసుకుందువు గానీ, ముందు హెడ్డు తుడువమ్మా" అన్నాడు. హెడ్డంటే టేపు మీది పాటని చదివే చిన్న లోహపు ముక్క. ఇంటికొచ్చి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో చెవులు తుడుచుకునే ఇయర్‌బడ్ ముంచి హెడ్డునీ, టేపుని లాగే రబ్బరు చక్రాన్నీ తుడిచాను. దూది గోధుమరంగుకి తిరిగింది. నాలుగో ఇయర్‌బడ్‌కి గానీ తెల్లగా రాలేదు. తుడవక ముందు దుప్పటి కప్పుకుని పాడినట్టున్న గొంతు తుడిచాక గదిలోకి వచ్చేసింది.

ఇంకా ఏదో మసక మిగిలింది. దానికి కారణం హెడ్డు వంపు. మామయ్య రికార్డర్లో హెడ్డు ఏ వంపులో ఉండి టేపు పట్టిందో, మన డెక్‌లో కూడా అదే వంపు ఉంటే తప్ప పై స్వరాలు తేటగా రావు. హెడ్డు పక్కన స్ప్రింగు మీద కూర్చున్న చిన్న స్క్రూ ఉంటుంది. మొదట అది ఉన్నచోట మార్కర్‌తో గుర్తు పెట్టుకుని, పాట మోగుతుండగానే ఇసుమంత అటూ ఇటూ తిప్పాలి. దీన్నే అజిమత్ సర్దడం అంటారు. నేను అమ్మమ్మ పలికే "శ"నే పట్టుకున్నాను. లాలిపాటలో "శ్రీరాముడు" అన్నప్పుడల్లా చెవి దగ్గరపెట్టి, ఆ "శ్రీ" గాజుముక్కలా తళుక్కుమన్న చోట స్క్రూ ఆపేశాను. అరగంట పట్టింది. ఈ మొత్తం పనిలో నాకు బాగా నచ్చిన అరగంట అదే.

లాప్‌టాప్‌లో మైకు రంధ్రం తప్ప, డెక్ లాంటి వాటిని తగిలించే లైన్ ఇన్ రంధ్రం లేదు. డెక్ వైరు దాంట్లో పెడితే శబ్దం చిట్లిపోతోంది. లైన్ ఇన్ ఉన్న చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కొని ఎర్ర, తెల్ల పిన్నుల వైరుతో కలిపాను. రికార్డు చెయ్యడానికి ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితమే, అది చాలు. నాణ్యత సీడీ స్థాయిలో, అంటే 44,100 హెర్ట్జ్, 16 బిట్ స్టీరియో పెట్టాను, శబ్దం మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా. అరవై నిమిషాల క్యాసెట్‌కి అరవై నిమిషాలూ పడుతుంది, దగ్గర దారి లేదు. శబ్దాన్ని కుదించకుండా దాచే వేవ్ ఫైలు దాదాపు 600 ఎంబీ అవుతుంది. అవి రెండు హార్డ్‌డిస్కుల్లో దాచి, వాట్సాప్‌కి మాత్రం ఎంపీ3 చేశాను.

మూడో క్యాసెట్‌లో గొంతు వస్తూ పోతూ ఉంది. చూస్తే టేపుని హెడ్డుకి ఒత్తిపట్టే మెత్తటి ముక్క ఊడిపోయింది. సినిమా పాటల క్యాసెట్ ఒకదాని అయిదు స్క్రూలూ విప్పి, దాని చక్రాలు తీసేసి, అమ్మమ్మ టేపు చుట్టలు రెండూ అందులోకి మార్చాను. చెయ్యి వణుకుతుందేమోనని ఊపిరి బిగబట్టి మరీ చేశాను. చేతివేళ్లు టేపుకి తగలకూడదు. మూత బిగించాక ఆరు పలకల పెన్సిల్ దూర్చి నాలుగు చుట్లు తిప్పితే హాయిగా తిరిగింది.

నా పెద్ద తప్పు తర్వాతే జరిగింది. వెనకాల సుయ్‌మనే రొద తీసేద్దామని ఆడాసిటీలో రొద తగ్గించే నాయిస్ రిడక్షన్ బాగా ఎక్కువ పెట్టేశాను. రొదతో పాటు అమ్మమ్మ ఊపిరి కూడా పోయింది, బిందెలో తలపెట్టి పాడుతున్నట్టు తయారైంది. అదృష్టం, అసలు ఫైలు విడిగా ఉంది. మళ్లీ మొదలుపెట్టి రొదని ఆరు డెసిబెల్స్ మాత్రమే తగ్గించి సరిపెట్టాను. ఆ రొద వెనక కోడి కూత ఉంది, ఎవరో గిలక మీద నీళ్లు తోడుతున్న కిర్రుమనే చప్పుడు ఉంది. అవి పోకూడదనిపించింది.

అమ్మకి రెండు రోజుల తర్వాత వినిపించాను. అప్పగింతల పాట మొదలవగానే వంటింట్లోంచి వచ్చి తలుపు పట్టుకుని నిలబడిపోయింది. పాట అయిపోయాక అమ్మమ్మ మామూలు గొంతుతో, "ఒరేయ్, అదింకా తిరుగుతోందేంట్రా? కట్టెయ్యి, బ్యాటరీలు దండగ" అంది. అమ్మ ఆ ముక్క మూడుసార్లు వేయించుకుంది. మామయ్యకి పాటలన్నీ పంపాను. ఆయన మాత్రం ఆ ఒక్క ముక్క విడిగా కోసి పంపమన్నాడు.

ఆరో క్యాసెట్ ఇంకా ఉంది. దాని టేపు అంచున తెల్లటి బూజు పట్టింది. కోనసీమ తేమకి పట్టేస్తుంది. అలాగే వేస్తే హెడ్డుకీ, అక్కణ్ణుంచి మిగతా క్యాసెట్లకీ అంటుకుంటుంది. సిలికా జెల్ పొట్లాలతో కలిపి డబ్బాలో పెట్టాను. బూజు ఎండి పొడి అయ్యాక, మాస్కు కట్టుకుని మేడ మీద మెత్తటి కుంచెతో దులపాలి. దాని లేబుల్ మీద మామయ్య "మంగళహారతులు" అని రాశాడు.