కుడమాళూర్‌లో ముందు గుడి, తర్వాతే ఇల్లు

కేరళ సన్యాసిని పునీత అల్ఫోన్సమ్మ పండుగ జూలై 28. ఆమె కన్నుమూసిన రోజది, 1946లో. పుట్టింది మాత్రం 1910 ఆగస్టు 19న, కొట్టాయం దగ్గరి కుడమాళూర్‌లో. శ్రీసభ, అంటే కథోలిక సంఘం, పునీతులకు సాధారణంగా మరణదినాన్నే పండుగ చేస్తుంది. భూమ్మీద పుట్టిన రోజును పండుగగా జరిపేది ముగ్గురికే: యేసుప్రభువు, మరియతల్లి, బాప్తిస్మ యోహాను. మరి పునీతురాలు పుట్టిన ఇంటికి యాత్ర దేనికి?

ఆ ఇంట్లో జరిగింది చూస్తే సంబరపడే పుట్టుకేం కాదు. నిద్రలో ఉండగా నడుముకు పాము చుట్టుకోవడంతో తల్లి మరియమ్మ హడలిపోయింది, ఎనిమిదో నెలలోనే కాన్పు అయింది. మూడు నెలలకే ఆ తల్లి పోయింది. బిడ్డ కొంతకాలానికి ముట్టుచిరలో పెద్దమ్మ పెంపకంలోకి వెళ్లింది. ఈ మధ్యలో, పుట్టిన ఎనిమిది రోజులకు, కుడమాళూర్ మరియమాత గుడిలో జ్ఞానస్నానమిచ్చి అన్నకుట్టి అని పేరు పెట్టారు. మన యాత్రకు ఆధారం ఆ జ్ఞానస్నానమే. క్రీస్తుతో కూడ మరణంలో పాతిపెట్టబడి కొత్త జీవంలో నడవడమే బాప్తిస్మమని పౌలుగారు రోమీయులకు రాసిన లేఖ 6వ అధ్యాయంలో చెప్పింది ఆ పసిబిడ్డకూ వర్తిస్తుంది, మనకూ వర్తిస్తుంది.

అందుకే ముందు గుడికి వెళ్లండి. చాలామంది నేరుగా ఇంటికెళ్లి, మంచం, గది చూసి, ఫొటోలు దిగి బయల్దేరతారు. గుడి గుమ్మం దగ్గర పవిత్రజలంలో వేళ్లు ముంచి, నుదుటికి అంటీ అంటనట్టు తాకించి పోకుండా, తండ్రి, కుమార, పవిత్రాత్మ అని పూర్తిగా పలుకుతూ సిలువ గుర్తు వేసుకోండి. తర్వాత ఒక పక్కన కూర్చుని జ్ఞానస్నాన ప్రమాణాలను నూతనపరచుకోండి. సైతానును, వాని క్రియలను, వాని ఆడంబరాలను విసర్జిస్తున్నానని ముందు చెప్పాలి. ఆపైన తండ్రిని, కుమారుని, పవిత్రాత్మను, శ్రీసభను విశ్వసిస్తున్నానని చెప్పాలి. గుంపుగా వెళ్తే ఒకరు అడగాలి, మిగతావారు జవాబివ్వాలి. జ్ఞాపకం మీద చెబుదామనుకుంటే విసర్జించే భాగం ఎగిరిపోయి విశ్వాస సంగ్రహం ఒక్కటే మిగులుతుంది. పాస్కా జాగరణ (ఈస్టర్ ముందు రాత్రి పూజ) ప్రార్థనల నుంచి ఆ ప్రశ్నలను ఒక కాగితం మీద రాసుకెళ్తే సరి.

ఇంట్లో వరాలు అడిగే తొందర వద్దు, వాటికి భరణంగానంలో సమాధి ఉంది. ఇక్కడ గర్భిణుల కోసం, కాన్పులో ప్రాణం పోయిన తల్లుల కోసం, తల్లి లేని పిల్లల కోసం ఒక పరలోక జపం, ఒక మంగళవార్త జపం చెప్పుకుంటే ఆ గోడల మధ్య అతికినట్టు ఉంటుంది.

దివ్యబలిపూజ సీరో మలబార్ రీతిలో (కేరళ కథోలికుల తూర్పు సంప్రదాయం), మలయాళంలో ఉంటుంది. మనవాళ్లు తికమకపడేది మొదట్లోనే. పరలోక జపం ఆరంభంలో వస్తుంది, దివ్యసత్ప్రసాదం దగ్గరపడిందని కొందరు లేచి నిలబడతారు. సత్ప్రసాదానికి ముందు అది మళ్లీ వస్తుంది. మనది లాటిన్ రీతి అయినా అక్కడ సత్ప్రసాదం తీసుకోవచ్చు, ఆదివారపు పూజ బాధ్యతా తీరుతుంది. భాష ఇబ్బంది పెట్టేది పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) దగ్గరే, కాబట్టి బయల్దేరే ముందు మన విచారణలోనే, అంటే మన ఊరి గుడిలోనే, తెలుగులో చేసుకోండి.

సికింద్రాబాద్, గుంటూరు, తిరుపతి వైపు నుంచి శబరి ఎక్స్‌ప్రెస్, వరంగల్, విజయవాడల నుంచి కేరళ ఎక్స్‌ప్రెస్ కొట్టాయం మీదుగా వెళ్తాయి. స్టేషన్‌లో ఆటోవాళ్లకు ‘అల్ఫోన్సా గుడి’ అని మాత్రం చెబితే భరణంగానం అనుకునే ప్రమాదం ఉంది. అది పాలా దాటాక వస్తుంది, ఇది మెడికల్ కాలేజీకి దగ్గర. కుడమాళూర్ అనే చెప్పండి. జూలై, ఆగస్టుల్లో వాన తప్పదు, గొడుగుతో పాటు ప్రార్థన కాగితానికి ప్లాస్టిక్ కవరు కూడా పెట్టుకోండి.

ఇంకో సంగతి. తన జ్ఞానస్నాన వార్షికదినాన ప్రమాణాలను నూతనపరచుకున్నవారికి శ్రీసభ పరిపూర్ణ దండవిమోచనం (క్షమించబడిన పాపాలకు మిగిలిన శిక్ష పూర్తిగా తొలగింపు) ఇస్తుంది. దానికి పాపసంకీర్తనం, సత్ప్రసాదం, పోపుగారి తలంపుల కోసం ప్రార్థన ఉండాలి, ఏ పాపం మీదా మమకారం ఉండకూడదు. పాపసంకీర్తనం ఆ రోజే చేయనక్కర్లేదు, అటూఇటూ ఇరవై రోజుల వరకు చెల్లుతుంది. పాస్కా జాగరణలో నూతనపరచుకున్నా పరిపూర్ణమే, మిగతా రోజుల్లో అయితే పాక్షికమే. మనలో చాలామందికి పుట్టినరోజు తెలుసుగాని జ్ఞానస్నానం ఏ రోజున జరిగిందో తెలియదు. జ్ఞానస్నానం పొందిన విచారణలోని రిజిస్టరులో తేదీ ఉంటుంది. టికెట్లు తీసేముందే వెళ్లి చూపించమని అడగండి.