డెంటిస్టు టెన్షన్ అంతా అపాయింట్‌మెంట్ పుస్తకంలోనే ఉంది

డెంటిస్టుల ఒత్తిడి గురించి ఎక్కడ మాట మొదలైనా చివరికి ధ్యానం చేయండి, వాకింగ్‌కి వెళ్లండి అనే దగ్గరికే వస్తుంది. రెండూ మంచివే, నేనూ చేస్తాను. కానీ ఖమ్మంలో సొంత క్లినిక్ నడుపుతున్న మనిషిగా నా అభిప్రాయం ఏంటంటే, మనల్ని రోజూ పిండేసేది అపాయింట్‌మెంట్ పుస్తకం, ముందు దాన్ని బాగు చేసుకోవాలి.

మన పనే అలాంటిది. పేషెంటు మెలకువగా ఉంటాడు, భయపడుతుంటాడు, నాలుక ఒక్కచోట నిలవదు, అందులోనే మనం కొన మందం 0.10 మిల్లీమీటర్లు ఉండే పదో నంబరు ఫైలు (వేరు లోపల శుభ్రం చేసే సూదిలాంటి పరికరం) పట్టుకుని కెనాల్, అంటే పంటి వేరులో నరం ఉండే సన్నటి దారి, వెతకాలి. పైగా రద్దీ అంతా సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మధ్యే. సరిగ్గా అప్పుడే "రాత్రంతా నిద్ర లేదు డాక్టర్ గారూ" అంటూ చెంప పట్టుకుని ఒకరొస్తారు. కింది దవడ పన్ను. సూది ఇస్తాం, పెదవి మొద్దుబారిందంటారు, తీరా డ్రిల్ తగలగానే కుర్చీలోంచి లేచిపోతారు. నరం అంతగా వాచిపోయినప్పుడు మత్తు సరిగా ఎక్కదని కాలేజీలోనే చదువుకున్నాం. అక్కడ చేయాల్సిందల్లా పదిహేను నిమిషాలు ఆగడం, చల్లటి స్ప్రే కొట్టిన దూదితో పన్ను జిల్లుమంటోందా లేదా చూడడం, ఇంకా తెలుస్తోందంటే బుగ్గ వైపు ఆర్టికైన్ అనే మత్తుమందు ఇవ్వడం, అదీ చాలకపోతే పన్నును ఎముకకి పట్టి ఉంచే లిగమెంట్‌లోకి కొద్దిగా ఇవ్వడం. ఏం చేయాలో తెలియక కాదు, ఆ పదిహేను నిమిషాలు దొరక్కే అంత టెన్షన్. బయట బెంచీ మీద ఇంకో నలుగురు కూర్చుని గడియారం చూస్తుంటే సూది ఇచ్చిన వెంటనే డ్రిల్ ఎత్తాలనిపిస్తుంది, అప్పుడు పేషెంటు వణుకుడు మన చేతికీ వస్తుంది.

అందుకే సాయంత్రాల్లో ఒక స్లాట్ ఎవరికీ ఇవ్వకుండా ఖాళీగా ఉంచమని మా క్లినిక్ నర్సుకి చెప్పేశాను. నొప్పితో వచ్చినవాళ్లు అందులోకే వస్తారు, ఆ రోజు నొప్పి తగ్గించి, మందు పెట్టి, తాత్కాలిక సిమెంటు వేసి పంపుతాం, మిగతా రూట్ కెనాల్ ఇంకో రోజు పొద్దున. మొదట్లో రాబడి కొంచెం తగ్గింది, దాచను, తర్వాత సర్దుకుంది. రాత్రి ఇంటికెళ్లాక పిల్లల మీద కసురుకోవడం మాత్రం బాగా తగ్గింది.

డబ్బు సంగతి కూడా కుర్చీ ఎక్కకముందే తేల్చుకోవాలి. రూట్ కెనాల్‌కి ఎంత, పైన క్యాప్‌కి ఎంత, అన్నీ కాగితం మీద రాసి చేతికిచ్చేయాలి. సగం పని అయ్యాక క్యాప్ ఖర్చు విడిగా చెబితే "ముందే చెప్పలేదేంటి సార్" అంటారు, అందులో వాళ్ల తప్పేం లేదు. వంకర వేర్లలో ఫైలు విరగొచ్చన్న మాటా అప్పుడే చెప్పాలి. విరిగిందంటే వెంటనే ఎక్స్‌రే తీసి చూపించాలి. విరిగిన ప్రతి ముక్కతోనూ పన్ను పోదు, అప్పటికి కెనాల్ ఎంతవరకు శుభ్రమైందన్నదాన్ని బట్టి ఉంటుంది. చెప్పకుండా దాచుకుంటే మాత్రం ఆ పేషెంటు నుంచి ఫోన్ ఎప్పుడొస్తుందోనని నెలల తరబడి భయపడుతూ బతకాలి.

మెడ నొప్పి గురించి ఒక్క మాట. పై దవడ పళ్లను అద్దంలో చూసి చేయడం విద్యార్థిగా ఉన్నప్పుడే అలవాటు కావాలి, మెడ వంచి నేరుగా చూస్తే ఆ నిమిషానికి సులువే గానీ నలభై దాటాక వేళ్లు తిమ్మిరెక్కుతాయి.

నాకు అందరికంటే బెంగగా ఉండేది కొత్తగా వచ్చిన పిల్లల గురించే. ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదేళ్ల బీడీఎస్ చదివి, చాలీచాలని జీతానికి చేరి, నెలకి ఇన్ని ఇంప్లాంట్లు, ఇన్ని క్యాపులు అని టార్గెట్లు పెట్టేచోట పనిచేస్తుంటారు. అవసరం లేని క్యాప్ వేయమన్నప్పుడు లోపల పడే నలుగుడుకి వాకింగ్ మందు కాదు. "వద్దు సార్, ఈ పన్నుకి ఫిల్లింగ్ చాలు" అని చెప్పగలగాలి, చెప్పనివ్వని చోట ఉండకూడదు. ఇంట్లో అప్పు ఉంటే వెంటనే మానేయలేరు, నాకు తెలుసు, కానీ వేరే చోటు వెతకడం ఈ వారమే మొదలుపెట్టండి, నాలాంటి సీనియర్లను మొహమాటపడకుండా అడగండి. నిద్ర పట్టకపోయినా, క్లినిక్ పేరు చెబితేనే గుండె దడగా ఉన్నా 14416కి ఫోన్ చేయండి. అది మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రయినా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.