మంచం కింద పరిచిన చాప

నేను ఇంగ్లండ్‌లో నర్సుని. సెలవు మీద హైదరాబాద్ వచ్చినప్పుడల్లా రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఓఈటీ (విదేశాలకు వెళ్లాలనుకునే నర్సులు రాసే ఇంగ్లిష్ పరీక్ష) కోచింగ్‌కి వెళ్లే నర్సింగ్ అమ్మాయిలు "అక్కా, అక్కడ నిజంగా బాగుంటుందా?" అని అడుగుతారు. పెళ్లిళ్లలో కలిసే మా బాబాయ్ మాత్రం "చదువు ఇక్కడ, సేవ అక్కడానా? దేశం మీద ప్రేమ ఉండక్కర్లేదా అమ్మా?" అంటాడు. ఎవరడిగినా నేను వార్డు సంగతే చెప్తాను. ఈ దేశం మీద ప్రేమ, ఇక్కణ్ణుంచి వెళ్లిపోవాలన్న కోరిక, రెండూ నాకు వార్డులోనే పుట్టాయి.

ట్రైనింగ్‌లో మాకు గవర్నమెంట్ ఆసుపత్రుల్లో పోస్టింగ్‌లు పడేవి. ప్రతి మంచం కింద ఒక చాప ఉండేది. రాత్రి ఎవరైనా మూలిగితే నేను లేచేలోపే ఆ చాప మీద నుంచి ఒక భార్యో, అన్నో, మేనత్తో లేచి కూర్చునేవాళ్లు. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన ఒక తాతకు పక్షవాతంతో మాట పడిపోయింది. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని, లేకపోతే వీపు మీద పుండ్లు పడతాయని, వీపు వెనక దిండు ఎలా పెట్టాలో కొడుక్కి ఒక్కసారి చూపించాను. మర్నాడు నేను డ్యూటీకి వచ్చేసరికి అతను పక్క మంచం వాళ్లకు నేర్పుతున్నాడు. ఇద్దరూ కలిసి వాళ్ల ముసలాయన్ని తిప్పి, దిండు సర్ది, దుప్పటి మడతలు లేకుండా లాగి, "సిస్టర్, సరిగ్గా ఉందా?" అని నన్ను అడిగారు. ఉస్మానియా, నిలోఫర్ గేట్ల బయట ఐదు రూపాయల భోజనం తిని, ఫుట్‌పాత్ మీద వరసగా పడుకుని, పొద్దున్నే మళ్లీ లోపలికొచ్చే కుటుంబాలను చూసినవాళ్లకు నేను చెప్పేది అర్థమవుతుంది. ఈ దేశంలో మనిషిని జబ్బుతో ఒంటరిగా వదిలెయ్యరు. నేను ప్రేమించే దేశం అదే.

ఇంగ్లండ్‌లో వార్డు వేరుగా ఉంటుంది. విజిటింగ్ టైమ్ అయిపోగానే బంధువులు వెళ్లిపోతారు. ఒళ్లు తుడవడం, అన్నం తినిపించడం, బాత్రూమ్‌కి తీసుకెళ్లడం అన్నీ మా పనే. అదేమీ నాకు చిన్నతనంగా అనిపించదు, నర్సు పనంటే అదే కదా. కానీ తొంభై ఏళ్ల మనిషి ఆఖరి గంటల్లో పక్కన సొంతవాళ్లెవరూ లేక నా చెయ్యి పట్టుకుని పడుకున్నప్పుడు ఆ చాప గుర్తొచ్చి గుండె పట్టేసినట్టు అవుతుంది.

మరి ఎందుకు వెళ్లావంటారా? ఒక రాత్రి సంగతి చెప్తాను. మూడింటికి ఒక పేషెంట్‌ని చూస్తే ఊపిరి నిమిషానికి 26, ఆక్సిజన్ 91, పల్స్ 112. అక్కడ ఇలాంటి కొలతలన్నిటికీ పాయింట్లు వేసి కలుపుతారు. మొత్తం 7 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే ఎమర్జెన్సీ. నాకు 8 వచ్చింది. ఫోన్ చేసిన కొద్దిసేపటికే పెద్ద డాక్టర్ పరుగున వచ్చాడు. పేషెంట్‌ని చూస్తూనే నా వైపు తిరిగి, సాయంత్రం నుంచి ఎలా ఉన్నాడు, నీకేమనిపిస్తోంది అని అడిగాడు. నేను చెప్పిందంతా విన్నాడు, రాసుకున్నాడు. ఆ పేషెంట్ కోలుకుని ఇంటికి వెళ్లాడు.

హైదరాబాద్‌లో నేను చేరిన ప్రైవేటు ఆసుపత్రిలో ఒకసారి మందు డోసు రెట్టింపు రాసినట్టుందని పెద్ద డాక్టర్‌కి చెప్పాను. "నువ్వు డాక్టర్‌వా?" అన్నాడు, అందరి ముందే, పేషెంట్ తరఫువాళ్లు వింటుండగానే. గంట తర్వాత కేస్ షీట్‌లో డోసు మారింది. ఒక్కరు కూడా నాతో మాట్లాడలేదు. ఆ రోజు బస్సులో ఇంటికి వస్తూ వెళ్లిపోవాలని గట్టిగా అనుకున్నాను. జీతం తర్వాతి మాట.

జీతం సంగతీ చెప్పుకోవాలి. చేతికి పదిహేను వేలు వచ్చేవి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆసుపత్రి బీరువాలో ఉండేవి, మానేస్తానంటే డబ్బు కట్టమనేవాళ్లు. 2016 జనవరిలో సుప్రీంకోర్టు ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సుల జీతాలు, పని పరిస్థితుల గురించి కమిటీ వెయ్యమని కేంద్రానికి చెప్పింది. ఆ కమిటీ సిఫార్సు చాలా స్పష్టంగా ఉంది. 200 పడకలు దాటిన ఆసుపత్రి తన నర్సుకు రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలి, 50 పడకల లోపు నర్సింగ్ హోమ్ అయినా 20,000కు తగ్గకూడదు. అమలు చేసే పని రాష్ట్రాలకు అప్పజెప్పారు. నేను పనిచేసినది 200 పడకలు ఎప్పుడో దాటిన ఆసుపత్రి. ఇవన్నీ తెలిసిన మనిషిని పట్టుకుని దేశం మీద ప్రేమ లేదా అని అడగడం అన్యాయం.

అలాగని అక్కడ అంతా పూలబాట అని ఏ అమ్మాయికీ చెప్పను. లాంగ్ డే అంటే పన్నెండున్నర గంటల డ్యూటీ. చలికాలంలో చీకట్లో వెళ్లి చీకట్లోనే ఇంటికి రావడం. ఓస్కీ అనే ప్రాక్టికల్ పరీక్షలో పది స్టేషన్లు, అంటే ఒక్కో చోట ఒక్కో పని చేసి చూపించి, దాటితే గానీ నర్సుగా రిజిస్టర్ చెయ్యరు, ఇక్కడ ఎన్నేళ్లు పనిచేసినా సరే. 2024 ఆగస్టులో వలస వచ్చినవాళ్లకు వ్యతిరేకంగా అల్లర్లు జరిగినప్పుడు సండర్లాండ్‌లో డ్యూటీకి వెళ్తున్న ఫిలిప్పీన్స్ నర్సుల టాక్సీ మీద దాడి చేశారు. ఆ వారమంతా మా అమ్మ గంటకోసారి ఫోన్ చేసింది. మా వార్డులోని ఇంగ్లిష్ నర్సులు డ్యూటీ అయ్యాక నన్ను కారు దాకా దింపి గానీ ఇంటికి వెళ్లలేదు. ఆ దేశంలో రెండూ ఉన్నాయి. పైగా ఐదేళ్లకు అక్కడే శాశ్వతంగా ఉండే హక్కు వస్తుందని లెక్కలేసుకుని వెళ్లినవాళ్ల మీద, 2025 మేలో ఆ ప్రభుత్వం మామూలుగా దాన్ని పదేళ్లు చేస్తామన్న ప్రతిపాదన పిడుగులా పడింది. ఇల్లు కొనాలా, పిల్లల్ని ఏ స్కూల్లో వెయ్యాలా అని మా నర్సుల గ్రూపుల్లో అదే టెన్షన్.

కాబట్టి కోచింగ్ అమ్మాయిలకు నేను చెప్పేది ఇది. వెళ్లాలని ఉంటే సిగ్గుపడకుండా వెళ్లండి. కానీ ఏజెంటు చేతిలో లక్షలు పొయ్యకండి. ఉద్యోగం ఇప్పించినందుకు అభ్యర్థి దగ్గర ఫీజు తీసుకోకూడదని బ్రిటన్ ప్రభుత్వ నియమావళిలోనే ఉంది. అడిగాడంటే అక్కడే ఆగిపోండి. జర్మనీ, జపాన్ వైపు ఆలోచన ఉంటే మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో ముందు కనుక్కోండి. సర్టిఫికెట్లు ఎవరి బీరువాలోనూ పెట్టకండి. ఇంకో మాట, పేషెంట్‌ని తిప్పడం వాళ్లింటివాళ్లకు నేర్పే అలవాటు మాత్రం ఇక్కడి నుంచి తీసుకెళ్లండి. మా వార్డులో డిశ్చార్జి ముందు నేను కూతుళ్లకు, కొడుకులకు అదే నేర్పుతున్నాను, మా మేనేజర్ మిగతా నర్సుల్ని కూడా అలా చెయ్యమంది.

బాబాయ్‌తో మొన్న కాస్త గట్టిగానే మాట్లాడాను. పాస్‌పోర్టు భారతీయమే, మార్చుకునే ఉద్దేశం లేదని చెప్పాను. విదేశాల్లో ఉన్నవాళ్లు ఓటరుగా నమోదు చేసుకోవచ్చు, కానీ ఓటు వెయ్యాలంటే స్వయంగా ఇక్కడి బూత్‌కి రావాలి. ఎన్నికల రోజుకి నాకు సెలవు దొరకడం కష్టం. "మీరు ఇక్కడే ఉంటారు బాబాయ్, ఓటు అడగడానికి మీ గుమ్మం ముందుకే వస్తారు. 2016 నాటి ఆ నర్సుల జీతాల సిఫార్సు మన దగ్గర ఏమైందని అడగండి. మీ బైపాస్ అప్పుడు రాత్రంతా నిద్ర లేకుండా చూసుకున్న ఆ పిల్ల జీతమెంతో కూడా అడగండి" అన్నాను.

ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఆ సిఫార్సు కాగితం ఉంటే వాట్సాప్‌లో పెట్టమన్నాడు. పెట్టాను.