మూసిన తలుపు

మా పాపకు రెండేళ్ళ రెండు నెలల వయసులో న్యుమోనియా వచ్చి, ఐదు రోజులు ఆసుపత్రిలో ఉండవలసి వచ్చింది. ఊపిరితిత్తుల జబ్బు మందులతో నయమైంది గానీ, ఇంటికి వచ్చాక మొదలైన రెండో జబ్బును పోల్చుకోవడానికే మాకు మూడు వారాలు పట్టింది. నేను స్నానాల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటే చాలు, బయట రెండు చేతులతో బాదుతూ ఊపిరి అందనంతగా ఏడ్చేది. రాత్రి మూడు నాలుగుసార్లు ఉలిక్కిపడి లేచి, మేమిద్దరం పక్కనే ఉన్నామో లేదో తడిమి చూసుకునేది. మొండితనమనుకున్నాం, నీరసమనుకున్నాం; భయమని మాత్రం తోచలేదు.

పైగా నేనొక తప్పు చేస్తూ వచ్చాను. ఆఫీసుకు బయలుదేరేటప్పుడు ఏడుస్తుందని, ఆటలో పెట్టి చప్పుడు కాకుండా జారుకునేవాణ్ణి. ఆ ఏడుపు నాకు వినపడదు కనుక అది నాకు మంచి ఉపాయంలాగే కనిపించింది. పిల్లల వైద్యురాలు మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న, "పాపకు చెప్పే వెళ్తున్నారా?" అని. దగ్గరివాళ్ళు దూరమవుతారన్న బెంగ 8 నెలల ప్రాంతంలో మొదలై, ఏడాదికీ ఏడాదిన్నరకూ మధ్య బాగా ఎక్కువై, చాలామందిలో మూడేళ్ళ నాటికి సద్దుమణుగుతుందని, అణగారుతున్న ఆ బెంగను ఆసుపత్రి అనుభవం మళ్ళీ రేపగలదని ఆమె వివరించారు. చెప్పకుండా మాయమయ్యే మనిషి ఏ క్షణంలోనైనా మాయం కావచ్చు కనుక, పిల్ల అనుక్షణం కాపలా కాయక తప్పదట. నాలుగు వారాలు దాటినా తగ్గకపోయినా, తిండీ నిద్రా దెబ్బతిన్నా పిల్లల మానసిక నిపుణులకు చూపించమని, ఈ వయసులో మందులు మొదటి మార్గం కావని కూడా చెప్పారు.

ఆ తరువాత ఈ విషయమై చదువుతుండగా, 1952లో బ్రిటన్‌లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే పరిశోధకుడు, తల్లి తోడు లేకుండా ఆసుపత్రిలో 8 రోజులు గడిపిన రెండేళ్ళ పాప బెంగను సినిమాగా చిత్రీకరించారని తెలిసింది. తల్లిదండ్రులను ఆంక్షలు లేకుండా ఆసుపత్రిలోని పిల్లల దగ్గరికి రానివ్వాలని 1959లో అక్కడి ప్రభుత్వం వేసిన ప్లాట్ కమిటీ సిఫారసు చేసింది. మేము రాత్రింబగళ్ళు మా పాప దగ్గరే ఉన్నాం కదా అని సమాధానపడబోయాను. కానీ సెలైన్ సూది పెట్టేటప్పుడు మమ్మల్ని గది బయట నిలబెట్టి తలుపు మూసిన సంగతి అప్పుడు గుర్తుకు వచ్చింది. స్నానాల గది దగ్గర ఆ పిల్ల బాదుతున్నది ఏ తలుపునో నాకు అప్పటికి గానీ అర్థం కాలేదు.

ఆ రోజు నుంచి చెప్పే వెళ్ళడం మొదలుపెట్టాను. గడియారం తెలియని పిల్లకు ఐదు గంటలకు వస్తాననడం వృథా కనుక, "నువ్వు మధ్యాహ్నం పడుకుని లేచి ఆడుకుంటుంటే వస్తాను" అని ఒకే మాట చెప్పి, ముద్దు పెట్టి, వెనక్కి తిరగకుండా వెళ్ళిపోయేవాణ్ణి. మొదటి వారం ఏడుపు తగ్గలేదు సరికదా, పెరిగింది. ఇప్పుడది నా చెవులకు వినపడేది కూడా. "భయం లేదు, ఏం కాదు" అనే అలవాటును మానుకుని, "భయమేసింది కదా, నేనిక్కడే ఉన్నాను" అనడం నేర్చుకున్నాను. ఒళ్ళో పెట్టుకుని నా ఊపిరిని నిదానంగా వదులుతుంటే, కాసేపటికి తన ఎక్కిళ్ళూ నెమ్మదించేవి. నిజానికి ముందు కుదుటపడవలసినవాణ్ణి నేనే.

అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసింది ఆట. ఒకరోజు నన్ను గది బయట నిలబెట్టి, తలుపు వేసి, బొమ్మకు సూది వేసింది. కాసేపటికి తలుపు తీసి, "అయిపోయింది, నాన్నా లోపలికి రా" అన్నది. వరుసగా పది రోజులపాటు, రోజుకు ఎన్నిసార్లో లెక్కలేదు, ఆ గుమ్మం బయట నిలబడ్డాను.

రెండు నెలలకు రాత్రి మెలకువలు పోయాయి. నడుమ ఒక టీకా రోజున అంతా మొదటికి వచ్చినట్టనిపించినా, నాలుగు రోజుల్లోనే కుదుటపడింది. ఇప్పటికీ టేపు చర్రున లాగిన చప్పుడు వింటే, సూది మీది ప్లాస్టర్ గుర్తుకొచ్చి కాబోలు, నా దగ్గరికి వచ్చి "ఎవరికి?" అని అడుగుతుంది. ఎవరికీ కాదు, పెట్టె విప్పుతున్నామని చెబితే, పెట్టెను ఒకసారి చూసి వెళ్ళిపోతుంది.