పళ్ళెం మీద పదకొండో వారం

నిన్న సాయంత్రం ఇత్తడి పళ్ళెం అంచుల మీద 42 సెకన్లు నిలబడ్డాను. మొదటి వారం 3 సెకన్లు. మధ్యలో ఏం మారిందో మర్చిపోకముందే రాసి పెడుతున్నాను. పెద్దయ్యాక తరంగం, అంటే కూచిపూడిలో పళ్ళెం అంచుల మీద నిలబడి చేసే నృత్యం, నేర్చుకునేవాళ్ళకి పనికొస్తుందని ఆశ.

నాకు 38 ఏళ్ళు, కూచిపూడి మొదలుపెట్టి నాలుగేళ్ళు. పళ్ళెం 12 అంగుళాలది, మందపాటి ఇత్తడి. స్టీలు కంచం వద్దని టీచర్ గారు ముందే చెప్పారు: అంచు అరికాలిని కోస్తుంది, బరువుకి వంగుతుంది. హాల్లో గ్రానైట్ మీద పళ్ళెం ఊరికే జారిపోయేది, వరండాలో షాబాదు బండల మీదికి మారాక దారికొచ్చింది. చింతపండుతో తోమిన రోజు తడి ఆరకుండానే ఎక్కి జారాను. ఇప్పుడు పళ్ళెం, పాదాలు రెండూ పొడి గుడ్డతో తుడుచుకున్నాకే ఎక్కుతున్నాను. చెయ్యి చాపితే గోడ అందాలి.

మొదటి మూడు వారాలు ప్రతిసారీ వెనక్కే పడ్డాను. మామూలుగా నిలబడినప్పుడు ఒంటి బరువు చీలమండకి కాస్త ముందుగా దిగుతుంది. అందుకే పిక్కలు ఎప్పుడూ కొంచెం బిగిసి, మనం ముందుకు ఒరిగిపోకుండా పట్టి ఉంచుతాయి. ముందుకు తూలితే ఆపుకోవడానికి పొడుగాటి పాదం ఉంది, వేళ్ళున్నాయి. వెనక్కి తూలితే మడమ ఒక్కటే. నేనేమో భయంతో బరువంతా ఆ మడమల మీదికే నెట్టేస్తున్నాను. వేళ్ళతో అంచు గట్టిగా పట్టి, ఛాతీ ఒక అంగుళం ముందుకు తెచ్చాక 3 సెకన్లు 9 అయ్యాయి. అరమండిలో, అంటే మోకాళ్ళు పక్కలకి వంచి సగం కూర్చున్నట్టుగా దిగితే 15. బొడ్డుకి కాస్త దిగువన ఉండే గరిమనాభి (ఒంటి బరువంతా ఒక్కచోటే ఉన్నట్టు లెక్కేసే బిందువు) కిందికి వచ్చేకొద్దీ, మనిషి పడాలంటే ఇంకా ఎక్కువ ఒరగాలి. అయితే మరీ దిగితే తొడలు వణుకుతాయి, ఆ వణుకు పళ్ళేనికి చేరుతుంది.

నాలుగో వారం నుంచి పళ్ళెం లేకుండా ఇంకో సాధన మొదలుపెట్టాను. పొద్దున్నే పళ్ళు తోముకుంటూ ఒంటికాలి మీద నిలబడటం. కళ్ళు తెరిస్తే ఏ కాలైనా 45 సెకన్లు. మూస్తే కుడికాలు 11, ఎడమకాలు 4! ఆరేళ్ళ కిందట మెట్ల మీద బెణికిన కాలది. నొప్పి ఎప్పుడో పోయింది, కానీ కీలు ఏ కోణంలో ఉందో మెదడుకి చెప్పే కబురు ఇంకా సరిగ్గా అందడం లేదన్నమాట. నిలబడటానికి మనకి మూడు కబుర్లు కావాలి: కంటిది, లోపలి చెవిది, అరికాళ్ళు-కీళ్ళు పంపేది. ఇన్నాళ్ళూ ఎడమకాలి లోటుని కళ్ళు కప్పిపుచ్చాయి. ఏటవాలు ఎండలో ఆ చీలమండని చూశాను. ముందువైపు కండరాల్ని ఎముకలకి కట్టే స్నాయువులు తాళ్ళలా పైకి తేలుతున్నాయి, లోపలికి పోతున్నాయి, మళ్ళీ తేలుతున్నాయి. కదలకుండా నిలబడ్డానని నేననుకుంటున్నంతసేపూ అక్కడ అంత పని జరుగుతోంది. దాన్ని చూశాక ఆ కాలంటే విసుగు పోయింది. ఇప్పుడు ఎడమకాలు 13 సెకన్లు. కళ్ళు మూసే సాధన ఎవరు చేసినా పక్కన కుర్చీ పెట్టుకోండి, తల తిరిగే సమస్య ఉంటే డాక్టర్‌ని అడగకుండా చెయ్యొద్దు.

తొమ్మిదో వారం టీచర్ గారు తల మీద చుట్టకుదురు, దాని మీద చెంబు పెట్టారు. ఇంకా కష్టమవుతుందని టెన్షన్ పడ్డాను. తేలికైంది! "ఇన్నాళ్ళూ కాళ్ళకేసే చూస్తున్నావమ్మా, ఇప్పుడు చూడలేవుగా" అన్నారు. తల నిలకడగా ఉంటే లోపలి చెవి పంపే కబురు స్పష్టంగా ఉంటుంది. చూపు ఎదురుగా గుమ్మం మీద నిలిచింది.

చెంబు నేర్పింది ఇంకొకటుంది. కొంచెం తూలినప్పుడు చీలమండే సర్దుతుంది. ఎక్కువ తూలితే అది చాలదు, నడుము విరిచి నిలదొక్కుకుంటాం. నేను చిన్న ఊగుకి కూడా నడుమే విరుస్తున్నాను, ఆ సంగతి చెంబు పడేదాకా తెలియలేదు. మొదటి రోజు 14 సార్లు పడింది, నిన్న రెండే. సగం నీళ్ళు పోస్తే అవి తొణికి తలని లాగుతాయి, అందుకని ప్రస్తుతం బియ్యం నింపుతున్నాను.

కదలడం ఇప్పుడిప్పుడే వస్తోంది. బరువు కుడికాలి మీదికి మార్చి ఎడమ వైపు అంచుని ముందుకు జరపాలి, తర్వాత రెండోది. తాళానికి తొందరపడితే బరువు పూర్తిగా మారకముందే అంచు జరుగుతుంది, పళ్ళెం గిర్రున తిరిగిపోతుంది. నిన్న ఆది తాళంలో ఒక ఆవర్తనం (తాళం ఒక పూర్తి చుట్టు), అంటే 8 లెక్కలు, చెంబుతో సహా ముందుకొచ్చాను. ఎడమ వైపు జరిపేటప్పుడు ఇంకా రాపిడి చప్పుడు ఎక్కువొస్తోంది, అంటే ఆ కాలి మీద బరువు మిగిలిపోతోంది. వచ్చే వారమంతా ఆ చప్పుడు మీదే సాధన. వెనక్కి నడవడం, చెంబులో నీళ్ళు పోయడం తర్వాత.